సంతకాలు పెట్టించిన చేత్తోనే ఓటు అడిగాను

2025 డిసెంబరులో తెలంగాణలో జరిగిన పంచాయతీ ఎన్నికల్లో మా ఊళ్లో వార్డు మెంబరుకు పోటీ చేశాను. నామినేషన్ వేసిన రోజు నుంచి అందరూ అడిగింది ఒకటే మాట. "టీచరమ్మా, ముప్పై ఏండ్లు నౌకరి చేసినవ్. పింఛన్ వస్తది. పిల్లలు సెటిలైన్రు. గీ వార్డు మెంబరు నీకెందుకు?" మా తమ్ముడికైతే కోపమే వచ్చింది. నిలబడితే సర్పంచ్‌కు నిలబడు, లేదంటే ఇంట్లో కూర్చో అన్నాడు. జీతం లేని, చెక్కు పవర్ లేని పదవి కోసం ఇల్లిల్లూ తిరగడం వాడికి నామోషీగా అనిపించింది.

గడప దగ్గర నిలబడి రెండు నిమిషాల్లో చెప్పగలిగింది కొంచెమే. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. రిటైరై ఊళ్లలో ఉంటున్న టీచర్లు దీన్ని చదవాలని నా కోరిక.

నేను పోటీ చేసింది బడి కోసం. మా ఊరు హనుమకొండ నుంచి పరకాల పోయే దారికి కొంచెం లోపలికి ఉంటుంది. ఊరి ప్రాథమిక పాఠశాలలో 47 మంది పిల్లలున్నారు. ఆ బడిలోనే నేను పలక పట్టి అక్షరాలు దిద్దాను. ఉద్యోగంలో చివరి ఆరేళ్లు అక్కడే హెడ్మాస్టరుగా చేసి 2024 జూన్‌లో రిటైరయ్యాను. బడి ఉన్న వార్డులోనే మా ఇల్లు. ఈసారి ఆ వార్డు మహిళకు రిజర్వు అయింది.

బడికీ వార్డు మెంబరుకూ ఏం సంబంధం అని చాలామంది అడిగారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టంలో 21వ సెక్షన్ ఒకటుంది. దాని ప్రకారం ప్రతి సర్కారు బడికీ స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఉండాలి. మేం ఎస్‌ఎంసీ అంటాం. అందులో నాలుగింట మూడు వంతుల మంది ఆ బడి పిల్లల తల్లిదండ్రులే కావాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. హెడ్మాస్టరు కన్వీనరు. అంగన్‌వాడీ టీచరు, ఏఎన్ఎం, మహిళా సమాఖ్య అధ్యక్షురాలు కూడా కూర్చుంటారు. ప్రజలు ఓటేసి గెలిపించిన మనిషికి కూడా అందులో ఒక కుర్చీ ఉంది. పల్లెలో అయితే ఆ కుర్చీ బడి ఉన్న వార్డు మెంబరుది.

మా ఊళ్లో ఈ సంగతి ఎంతమందికి తెలుసని అడిగి చూశాను. పోటీలో ఉన్న మిగతా ఇద్దరికీ తెలియదు. మాజీ వార్డు మెంబరుకూ తెలియదు. ఐదేళ్లలో ఆయన ఒక్కసారి కూడా కమిటీ మీటింగుకు రాలేదు. రమ్మని నేను కూడా గట్టిగా పిలవలేదు.

నాకు ఆ కమిటీలోకి పోవడానికి ఇంకో దారి లేదు. నా పిల్లలు పెద్దవాళ్లయ్యారు, కాబట్టి తల్లిగా చోటు లేదు. రిటైరయ్యాను కాబట్టి టీచరుగా చోటు లేదు. చదువు గురించి తెలిసినవాళ్లని కమిటీ కో-ఆప్ట్ చేసుకోవచ్చు, అంటే ఎన్నిక లేకుండా తనే చేర్చుకోవచ్చు. కానీ ఆ పేర్లు ఎలా రాస్తారో నాకు తెలుసు, నేనే రాశాను కనుక. హెడ్మాస్టరుకు ఇబ్బంది పెట్టని పెద్దమనిషి పేరు రాస్తాం. అట్లా ఒకరి మొహమాటంతో వచ్చిన కుర్చీలో కూర్చుని లెక్క అడగాలంటే నోరు రాదు. ఓటుతో వస్తే వస్తుంది.

మా అక్క కూతురు అమెరికాలో ఉంటుంది. నేను పోటీ చేస్తున్నానని తెలిసి ఫోన్ చేసింది. వాళ్ల ఊళ్లో స్కూల్ బోర్డు సీటుకు ఒక రిటైర్డ్ టీచరు నిలబడిందట, ఇంటి ముందు బోర్డులు పాతుకుని ప్రచారం చేసిందట. అక్కడ చాలాచోట్ల స్కూల్ డిస్ట్రిక్టుకు ఎన్నికైన బోర్డు ఉంటుంది. బడ్జెట్ పాస్ చేసేది, సూపరింటెండెంటును పెట్టుకునేది ఆ బోర్డే. మీటింగులో ఊరివాళ్లు లేచి మాట్లాడొచ్చు. "పిన్నీ, అక్కడ కూడా అట్లాంటిది ఉందా?" అని అడిగింది. ఉందని చెప్పాను. పవరు అంత లేదు కానీ ఉంది. మనం దాని తలుపు తీసి చూడలేదు.

మన బడి గోడ మీద ఏం రాసి ఉంటుందో ఒకసారి చూడండి. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. హైస్కూలైతే జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. పరిషత్ అంటే ఎన్నికైన సభ. అంటే ఆ గోడ మీద పేరు మనం ఓటేసిన సభది. 73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 11వ షెడ్యూలులో పంచాయతీలకు ఇవ్వదగ్గ 29 అంశాలున్నాయి. 17వది ప్రాథమిక, సెకండరీ పాఠశాలలతో సహా విద్య. విద్యాహక్కు చట్టం 9వ సెక్షన్ ఇంకా ముందుకెళ్లి, తన పరిధిలో 14 ఏళ్ల లోపు పిల్లల రికార్డు స్థానిక సంస్థ ఉంచాలని చెప్పింది. పిల్లల హక్కుకు భంగం కలిగితే ఎవరైనా స్థానిక సంస్థకు రాసి ఇవ్వొచ్చని, మూడు నెలల్లో తేల్చాలని 32వ సెక్షన్ చెబుతుంది. ఇన్ని రాసి ఉన్నాయి. గోడ మీద పేరు తప్ప పంచాయతీకీ బడికీ మధ్య మా ఊళ్లో మిగిలింది ఆవరణ ఊడవడానికి అప్పుడప్పుడు వచ్చే సఫాయి మనిషి మాత్రమే.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఇది రాయకుండా మిగతాది రాస్తే అబద్ధమవుతుంది.

హెడ్మాస్టరుగా ఉన్న ఆరేళ్లలో ఎస్‌ఎంసీ మీటింగులు ఎక్కువ భాగం కాగితం మీదే నడిపాను. పైనుంచి ఫోన్ వస్తుంది, ఫలానా తేదీలోగా తీర్మానం అప్‌లోడ్ చేయాలని. పొద్దున ప్రేయర్ అయ్యాక నేను తీర్మానం బుక్కు తీసి రాసేదాన్ని. "ఈ రోజు పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశం చైర్మన్ గారి అధ్యక్షతన జరిగినది. క్రింది అంశములు చర్చించి ఏకగ్రీవముగా ఆమోదించడమైనది." అప్పటికి చైర్మన్ పత్తి చేనులో ఉండేవాడు. వంట చేసే ఆమెకు బుక్కు ఇచ్చి ఇళ్లకు పంపేదాన్ని. సాయంత్రానికి సంతకాలు వచ్చేవి. రెండు మూడు వేలిముద్రలు. తీర్మానం అప్‌లోడ్ అయ్యేది. నాకు టెన్షన్ తగ్గేది.

డబ్బు తినలేదు. ఆ మాట గట్టిగా చెప్పగలను. 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి ఏడాదికి వచ్చే స్కూల్ గ్రాంటు 25 వేల రూపాయలు. అందులో సుద్ద ముక్కలు, రిజిస్టర్లు, రిపేర్లు, ఫినాయిలు, అన్నీ చూసుకోవాలి. ఆ డబ్బు కూడా రెండు విడతల్లో, ఏ నెలలో వస్తుందో తెలియకుండా వస్తుంది. నా జీతంలోంచి పెట్టిన రోజులే ఎక్కువ. కానీ తినకపోవడం వేరు, లెక్క చెప్పడం వేరు. ఆ 25 వేలు దేనికి ఖర్చయ్యాయో ఆరేళ్లలో ఒక్క తల్లికి కూడా చదివి వినిపించలేదు. నా నిజాయితీ మీద నాకు నమ్మకం ఉంది కాబట్టి వాళ్లకు చెప్పాల్సిన పని లేదనుకున్నాను. వాళ్లకు అర్థం కాదని కూడా అనుకున్నాను. ముప్పై ఏళ్లు చదువు చెప్పిన మనిషి అట్లా అనుకోవడం ఎంత పెద్ద తప్పో ఇప్పుడు తెలుస్తోంది.

2024 జనవరిలో రాష్ట్రమంతా ఎస్‌ఎంసీ ఎన్నికలు జరిగాయి. మా బడిలో వాటిని జరిపింది నేనే. ఒక్కో తరగతికి ముగ్గురు తల్లిదండ్రులను ఎన్నుకోవాలి. వచ్చినవాళ్లలో చేతులెత్తించాను. గంట పట్టలేదు. ఎన్నికైన తల్లులకు కమిటీ పని ఏమిటో చెప్పడానికి ఇంకో గంట కూర్చోబెట్టి ఉంటే బాగుండేది. అందరూ కూలికి పోవాలని తొందరపడ్డారు. నేను కూడా తొందరపడ్డాను.

నామినేషన్ వేశాక ప్రచారానికి నేను మొదట పోయింది ఆ తల్లుల ఇళ్లకే. ఒకామె కూతురు ఇప్పుడు హైస్కూల్లో చదువుతోంది. రెండుసార్లు కమిటీలో ఉంది. పత్తి ఏరి అప్పుడే వచ్చి, కాళ్లు కడుక్కుంటోంది. కమిటీ గురించి నేను మొదలుపెట్టగానే ఆపింది.

"మేడమ్, నేను అడిగిన యాదికున్నదా? గీ బుక్కుల ఏం రాసిన్రని అడిగిన. ఏం లేదమ్మా, మామూలే, సంతకం పెట్టు అని చెప్పి పంపినవ్. గిప్పుడేమో కమిటీ అంటే మస్తు పెద్దది అంటున్నవ్."

నాకు యాదికి లేదు. అదే ఎక్కువ బాధనిపించింది. ఆమెకు ఆ రోజు, ఆ మాట గుర్తుంది. నాకు అది వంద సంతకాల్లో ఒక సంతకం. తప్పు నాదే అని చెప్పాను. ఆమె కొంచెంసేపు ఊరుకుని "సరె తియ్ మేడమ్, చాయ్ తాగి పో" అంది. ఓటు వేస్తానని చెప్పలేదు. నేనూ మళ్లీ అడగలేదు.

అందుకే అంటున్నాను, ఈ కుర్చీకి రిటైర్డ్ టీచర్లు నిలబడాలని. తీర్మానం బుక్కు ఎట్లా నిండుతుందో మనకు తెలుసు. ఏ గడి ఖాళీగా వదిలి తర్వాత నింపుతారో తెలుసు. ఒక టీచరును డెప్యుటేషన్ మీద వేరే బడికి పంపితే ఆ కాగితం ఏ టేబుల్ మీద నుంచి వస్తుందో తెలుసు. ఊళ్లో ఇంకెవరికీ ఈ సంగతులు తెలియవు. ఈ జ్ఞానం మనకు సర్కారు జీతమిచ్చి నేర్పింది. రిటైరైన రోజు శాలువా కప్పించుకుని, ఫొటో దిగి, దాన్ని కూడా బీరువాలో పెట్టేస్తున్నాం.

మా బడి సంగతే చెబుతాను. ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లు. చట్టం లెక్క ప్రకారం 60 మంది లోపు పిల్లలకు ఇద్దరు చాలు. కాగితం మీద 47 మందికి ఇద్దరంటే బాగానే ఉంటుంది. కానీ ఒక గదిలో ఒకటి, రెండు తరగతులు, ఇంకో గదిలో మూడు, నాలుగు, ఐదు కూర్చుంటాయి. ఒక టీచరు సెలవు పెడితే ఐదు తరగతులూ ఒక్కరి మీద పడతాయి. పొద్దున ఏడున్నరకు మా ఊళ్లోకి ప్రైవేటు బడుల పసుపు వ్యాన్లు మూడు వస్తాయి. ఆ వ్యాన్లు ఎక్కించే తల్లుల్ని అడిగాను, ఎందుకు పంపుతున్నారని. 2022లో సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం పెట్టారు కదా, ఇంకేం కావాలి అని. ఒకామె చెప్పింది, "అక్కడ ఒక్కో తరగతికి ఒక్కో టీచర్ ఉంటది మేడమ్." ఆ టీచరు ఇంటర్ చదివిందో డిగ్రీ చదివిందో, ఐదారు వేల జీతానికి పనిచేస్తోందో ఆమెకు అనవసరం. తన బిడ్డ గదిలో తన బిడ్డ కోసం ఒక మనిషి ఉంటుంది. ఆమె లెక్క తప్పని నేను అనలేను.

మరి ఆ సంగతిని పైకి ఎవరు చెప్పాలి? హెడ్మాస్టరు చెప్పలేరు. నేను హెచ్‌ఎంగా ఉన్నప్పుడు మా బడి టీచరును నాలుగు నెలలు వేరే చోటికి సర్దుబాటు చేశారు. నోటితో అడిగాను. "మేడమ్, అందరికీ ఉన్న ఇబ్బందే కదా" అన్నారు. రాసి ఇస్తే పై అధికారికి ఎదురు తిరిగినట్టు. ఉద్యోగిగా నా నోరు అంతవరకే. కానీ కమిటీ తీర్మానం చేస్తే అది చట్టం కింద ఉన్న సభ చెప్పిన మాట. బడి పనితీరు చూడటం, స్కూల్ డెవలప్‌మెంట్ ప్లాన్ తయారు చేయడం, గ్రాంట్ల ఖర్చు చూడటం కమిటీ పనులని 21వ సెక్షన్‌లో ఉంది. సర్కారు ఇచ్చే నిధులకు ఆ ప్లానే ఆధారం కావాలని 22వ సెక్షన్ చెబుతుంది. ఆ నాలుగు నెలల్లో పన్నెండు మంది తల్లులు ఒక తీర్మానం రాసుకుని మండల ఆఫీసుకు నడిచి ఉంటే టీచరు తిరిగి వచ్చేది అని నా నమ్మకం. అప్పుడు నాకు కావాల్సింది అదే. అడిగే ధైర్యం నాకు లేదు, అడగాలని వాళ్లకు తెలియదు.

నేను పోటీ చేస్తున్నానని తెలిసి నాతో పనిచేసిన ఒక సార్ బాధపడ్డారు. "మీరు కమిటీలోకి వస్తే ఇప్పుడున్న హెచ్‌ఎంకు తలనొప్పి. మన టీచర్లను మనమే పట్టించినట్టు అవుతుంది" అన్నారు. ఆయన మాటలో నిజం ఉంది. రిటైరైన మనిషి వచ్చి "మా కాలంలో ఇట్లా కాదు" అని మొదలుపెడితే ఏ టీచరుకైనా విసుగు పుడుతుంది. హాజరు పట్టీలు తిరగేసి, లెసన్ ప్లాన్లు అడిగి, క్లాసులో వెనక కూర్చుని తప్పులు పడితే అది కమిటీ పని కాదు, ఇన్‌స్పెక్షన్. దానికి వేరే అధికారులున్నారు. నేను కూర్చోవాలనుకున్నది టీచర్లకు ఎదురుగా కాదు, తల్లుల పక్కన. తీర్మానాన్ని వాళ్ల మాటల్లో చదివి వినిపించడం, వాళ్లు చెప్పింది కాగితం మీదికి ఎక్కేటట్టు చూడటం. అంతే.

తల్లులకు తెలిసినవి టీచర్లకు తెలియవు. నవంబరు, డిసెంబరుల్లో నాలుగు, ఐదు తరగతుల పిల్లలు బడికి రారు. హాజరు పట్టీలో గైర్హాజరు అని పడుతుంది. ఏ ఇంట్లో పత్తి ఏరడానికి మనిషి లేక పిల్లను తీసుకుపోయారో, ఏ ఇంట్లో అమ్మ చేనుకు పోతే చిన్నపిల్లను చూసుకోవడానికి అక్కను ఇంట్లో ఉంచారో పట్టీలో ఉండదు. మధ్యాహ్న భోజనంలో వారానికి మూడు గుడ్లు పెట్టాలి. ఏ వారం రెండే పెట్టారో పిల్లలు ఇంటికొచ్చి చెబుతారు. వంట చేసే మహిళలకు బిల్లులు ఎన్ని నెలలుగా రాలేదో, కిరాణా కొట్టులో ఎంత ఉద్దెర ఉందో కూడా తల్లులకే తెలుసు, ఎందుకంటే ఆ వంట చేసేది వాళ్ల ఆడబిడ్డో తోడికోడలో. ఈ రెండు సంగతులు ఒక గదిలో కూర్చుని చెప్పుకుంటే గుడ్డు ఎందుకు తగ్గిందో అర్థమవుతుంది. ఇప్పుడు ఒకరినొకరు అనుమానించుకుంటున్నారు.

బడిలోకి రాజకీయం తేవద్దని ఇంకో మాట విన్నాను. 1998లో ఉమ్మడి రాష్ట్రంలో విద్యా కమిటీల చట్టం వచ్చింది. నేను అప్పుడు వేరే మండలంలో టీచరును. చైర్మన్ పదవి కోసం ఆ ఊళ్లో రెండు వర్గాలు బడి ముందే గొడవ పడ్డాయి. నాకు భయమేసింది. కానీ ఒకటి చూశాను. ఒక వర్గం మనిషి చైర్మన్ అయ్యాక రెండో వర్గం వాళ్లు ప్రతి మీటింగుకూ వచ్చి లెక్క అడిగేవాళ్లు. గది కట్టడానికి వచ్చిన సిమెంటు బస్తాలు లెక్కబెట్టేవాళ్లు. ఆ గది ఇప్పటికీ కురవడం లేదు. తర్వాత పోటీ పోయింది, కొట్లాట పోయింది, మనుషులు రావడమూ పోయింది. ప్రశాంతంగా ఉందని మేం సంతోషించాం. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ప్రశాంతతలోనే నా బుక్కు ఇళ్లకు తిరగడం మొదలైంది.

2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు చైర్‌పర్సన్, హెడ్మాస్టరు కన్వీనరు. ఆ వేసవిలో మా బడిలో టాయిలెట్లు, నీళ్ల పైపు, కరెంటు పనులు ఆ కమిటీ పేరు మీదే జరిగాయి. పొదుపు సంఘాల ఆడవాళ్లకు లెక్కలు రాయడం బాగా వచ్చు, వాళ్ల చేతికి ఇవ్వడం మంచి పనే. కానీ పాత కమిటీ కూడా అట్లాగే ఉంది. ఒక బడికి రెండు కమిటీలు, రెండు బుక్కులు. ఏది దేనికో హెచ్‌ఎంకు తప్ప ఎవరికీ తెలియదు. కొత్త కమిటీలు వేయడం కంటే ఉన్న కమిటీని నిజంగా కూర్చోబెట్టడం కష్టమైన పని. ఎవరూ చేయని పని కూడా అదే.

నన్ను నిజంగా తడబడేటట్టు చేసిన ప్రశ్న ఒక కుర్రాడు అడిగాడు. నా దగ్గర చదివిన పిల్లవాడే, ఇప్పుడు ట్రాక్టరు నడుపుతాడు. "మేడమ్, మీ పిల్లలు ఏ బడిల చదివిన్రు?"

హనుమకొండలో, ప్రైవేటులో. ఇద్దరూ. నేను పొద్దున వాళ్లను బస్సెక్కించి, ఇంకో బస్సెక్కి సర్కారు బడికి పోయి వేరేవాళ్ల పిల్లలకు చదువు చెప్పాను. మా తరం టీచర్లలో చాలామంది అదే చేశారు. సరైన బడి దగ్గర్లో లేదని అప్పుడు మాకు మేం చెప్పుకున్నాం. మా పిల్లలు కూడా ఆ బడుల్లోనే ఉండి ఉంటే అవి సరైన బడులు అయ్యేవేమో అన్న ఆలోచన అప్పుడు రాలేదు. ఆ కుర్రాడికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మరి నీకు అడిగే హక్కు ఎక్కడిది అని అతను అనలేదు, కానీ అన్నా నా దగ్గర జవాబు ఒకటే ఉండేది. బాకీ ఉన్న మనిషే తీర్చడానికి వస్తుంది.

మా వార్డుకు పోలింగ్ మా బడిలోనే పెట్టారు, నేను మూడో తరగతికి పాఠాలు చెప్పిన గదిలో. ఎన్నో ఎన్నికల్లో డ్యూటీ చేశాను, బ్యాలెట్ పెట్టెకు సీలు వేయడం నా చేతికి అలవాటు. అభ్యర్థిగా లైన్లో నిలబడటం మొదటిసారి. సర్పంచ్‌కు గులాబీ రంగు బ్యాలెట్, వార్డుకు తెల్ల రంగు. ఒంటిగంటకు పోలింగ్ ఆగింది, రెండు గంటలకు లెక్కింపు మొదలుపెట్టారు. ముందు వార్డులవే లెక్కపెడతారు కాబట్టి తొందరగానే తేలింది. తొమ్మిది ఓట్లతో ఓడిపోయాను.

ముందు రోజు రాత్రి ఏం జరిగిందో ఊళ్లో అందరికీ తెలుసు. నేను డబ్బు ఇవ్వలేదు, సీసా ఇవ్వలేదు. దాని వల్లే ఓడానని అనను. ఆ పత్తి ఏరే తల్లిలాగా నన్ను చూసి నమ్మకం కుదరని వాళ్లు తొమ్మిది మంది కంటే ఎక్కువే ఉంటారు. నిలబడినందుకు మాత్రం బాధ లేదు. పది రోజుల్లో మా వార్డులో ప్రతి ఇంటికీ పోయాను. ప్రతి ఇంట్లోనూ బడి గురించి మాట్లాడాను. హెడ్మాస్టరుగా ఆరేళ్లలో అన్ని ఇళ్లకు పోలేదు. జూన్‌లో బడిబాట అని డప్పుతో ఊరేగింపు తీసేవాళ్లం, పిల్లల్ని చేర్పించమని కరపత్రాలు పంచేవాళ్లం. మన ఆత్మకూరు మండలం అక్కంపేటలో పుట్టిన ప్రొఫెసర్ జయశంకర్ పేరు మీద నడిచే కార్యక్రమం అది. అప్పుడు మేం వీధిలో నడిచాం. ఈసారి అరుగు మీద కూర్చున్నాను. ఓటు అడగడానికి వచ్చిన మనిషిని జనం ఎదురు ప్రశ్న అడుగుతారు, బడిబాటకు వచ్చిన టీచరును అడగరు. ఆ తేడా తెలియడానికైనా పోటీ చేయాల్సిందే.

గెలిచిన అమ్మాయికి ముప్పై ఏళ్లు ఉంటాయి. ఈ ఊరి కోడలు. పిల్లలిద్దరూ పసుపు వ్యాన్‌లో పరకాల పోతారు. ఇప్పుడు చట్టం ప్రకారం ఆ కమిటీలో కుర్చీ ఆమెది. ఫలితం వచ్చిన రోజే వాళ్లింటికి పోయి చెప్పాను, నీకు బడి కమిటీలో చోటుంది, మీటింగుకు పిలవకపోతే అడుగు అని. ఓడిపోయిన మనిషి ఇంటికొచ్చి ఇట్లా చెప్పడం ఆమెకు వింతగా అనిపించినట్టుంది. తల ఊపింది, అంతే.

సంక్రాంతి సెలవులకు ముందు ఒకరోజు, మధ్యాహ్నం, ఆమె దగ్గర నుంచి ఫోన్.

"మేడమ్, బడి నుంచి ఒక బుక్కు పంపిన్రు. సంతకం పెట్టుమంటున్నరు. పెట్టాల్నా?"

వస్తున్నానని చెప్పి చెప్పులేసుకున్నాను. ఆమె ఇంటి ముందు మంచం మీద బుక్కు తెరిచి ఉంది. నాకు తెలిసిన బుక్కే, అట్ట మీద నా చేతిరాత. పేజీ పైన తేదీ వేసి, సగం పేజీ ఖాళీగా వదిలారు. కింద అప్పటికే ఏడు సంతకాలు, రెండు వేలిముద్రలు ఉన్నాయి. బుక్కు తెచ్చిన ఆమె గడప దగ్గర నిలబడి, ఇంకా నాలుగిళ్లు తిరగాలె, జల్దిగ పెట్టున్రి అంటోంది.

ఏం చేయాలని ఆ అమ్మాయి నన్ను అడిగింది. నువ్వేమంటావ్ అని నేను అడిగాను. కొంచెంసేపు ఆ ఖాళీ వైపు చూసి, ఫోన్ తీసి హెడ్మాస్టరుకు కలిపింది. "సార్, నేను వార్డు మెంబర్ని మాట్లాడుతున్న. గిండ్ల ఏం రాస్తరో చెప్పున్రి. లేకపోతే సంక్రాంతి పోయినంక అందర్ని పిలిచి మీటింగ్ పెట్టున్రి, వచ్చి సంతకం పెడ్త."

అటువైపు ఏమన్నారో నాకు వినబడలేదు. సెలవులయ్యాక మొదటి శనివారం పదకొండు గంటలకు అన్నారని ఆమె చెప్పింది. బుక్కు సంతకం లేకుండానే వెనక్కి పోయింది. వెంటనే ఇద్దరం లేచి, ఆ పేజీలో సంతకాలు ఉన్న తొమ్మిది ఇళ్లకూ శనివారం సంగతి చెప్పడానికి బయల్దేరాం. మొదట ఆ పత్తి చేను తల్లి ఇంటి పక్కనుంచే మొదలుపెట్టాం.